మేరీ లావో: చరిత్రయు, కల్పనయు

చారిత్రక నవలలో చరిత్ర యెంత ఉండవలెను, కల్పన యెంత చెల్లును అను ప్రశ్న పాతదే. రాజుల కథలలో దీనికి సమాధానము చెప్పుట కొంత సులభము. వారికి శాసనములు కలవు, కైఫీయతులు కలవు, ఆస్థానకవుల ప్రశస్తులు కలవు. నవలాకారుడు దారి తప్పినచో ఏ పండితుడో నిలదీయగలడు. బానిసల సంతతిలో పుట్టి, అక్షరము నేర్వక, పత్రములపై సంతకమునకు బదులు నిశాని పెట్టిన ఒక స్త్రీని గూర్చి నవల వ్రాయబూనినప్పుడు మాత్రము ఈ ప్రశ్న కఠినమగును. అమెరికా దేశమున న్యూ ఆర్లియన్స్ నగరములో పందొమ్మిదవ శతాబ్దమున జీవించిన మేరీ లావో అట్టి స్త్రీ. ఆమె వూడూ మతమునకు పూజారిణి. ‘వూడూ రాణి’ అని లోకము ఆమెకు బిరుదు పెట్టినది. ఆమె మరణించి నూటనలుబది యేండ్లు దాటినను ఆమె పేర నవలలు, గాథలు, చిత్రములు పుట్టుచునే యున్నవి. వీనిలో చరిత్ర యెంత? ఆ చరిత్ర యెవరి కన్నులతో చూచినది?

మొదట ఆ మతము పేరు సంగతి. వూడూ అనగానే తెలుగు పాఠకునికి చేతబడియో, బాణామతియో, చిల్లంగియో తలపునకు వచ్చును. బొమ్మకు సూదులు గ్రుచ్చుట కన్నులకు కట్టును. ఈ తలపు తెలుగువాడు తనంత తాను కల్పించుకొన్నది కాదు. ఆంగ్ల పుస్తకములును, చలనచిత్రములును అతనికి అప్పగించినది. పశ్చిమాఫ్రికాలో ఒకనాటి దహోమీ రాజ్యమున, అనగా నేటి బెనిన్ దేశమున, ఫోన్ జాతివారి భాషలో ‘వోడున్’ అను మాటకు దేవత, దివ్యశక్తి అని అర్థము. ఆ దేవతలను కొలుచువారిని బంధించి, ఓడల కెక్కించి, కరీబియన్ దీవులలోను లూయిసియానాలోను అమ్మిరి. 1724లో ఫ్రెంచి ప్రభుత్వము లూయిసియానాకు విధించిన బానిసల చట్టము, బానిసల కందరికి క్యాథలిక్ మతము నేర్పి జ్ఞానస్నాన మిప్పింపవలెనని శాసించెను. పాత దేవతలు అంతమాత్రమున పోలేదు. పునీతుల పటముల చాటున నిలిచిరి. ద్వారములు తెరచు దేవతయైన లెగ్బా, తాళపుచెవులు ధరించిన పునీత పేతురుతో ఏకమయ్యెను. జపమాలయు మూలికలును, కొవ్వొత్తులును నృత్యమును ఒకే గదిలో ఇమిడినవి. పరాయి గడ్డపై సర్వమును కోల్పోయిన జనులు దక్కించుకొన్న మతమిది.

దీనిపై తెల్లవారికి కలిగిన భయమునకు వేరొక కారణము కలదు. 1791లో ఫ్రెంచి వలసయైన సాన్ డొమాంగ్‌లో బానిసలు తిరుగబడిరి. ఆ తిరుగుబాటునకు ముందు ‘బోవా కైమాన్’ అనుచోట వూడూ క్రతువు జరిగెనని హైతీ ప్రజల సంప్రదాయము. 1804లో ఆ వలస, హైతీ అను స్వతంత్ర రాజ్యమయ్యెను. బానిసలే సైన్యముగా నిలిచి స్వరాజ్యము గెలుచుకొన్న వృత్తాంతము తోటల యజమానుల నిద్ర చెడగొట్టుట వింత కాదు. అక్కడనుండి క్యూబాకు పారిపోయినవారిలో, 1809, 1810 సంవత్సరములందు సుమారు తొమ్మిదివేల మంది న్యూ ఆర్లియన్స్ చేరిరి. ఊరి జనాభా ఇంచుమించు రెట్టింపైనది. వచ్చినవారిలో తెల్లవారు కలరు, బానిసలు కలరు, స్వతంత్రులైన మిశ్రవర్ణులును కలరు. ఫ్రెంచివారి చేతినుండి స్పెయిను చేతికి, మరల ఫ్రెంచివారికి మారి, 1803లో కోటి యేబదిలక్షల డాలర్లకు లూయిసియానా ప్రాంతముతో కూడ అమెరికాకు అమ్ముడుపోయిన నగరమది. 1817లో పురపాలకులు, బానిసలు ఆదివారములందు మాత్రమే, నిర్ణయించిన ఒక్కచోట మాత్రమే గుమిగూడవలెనని కట్టడి చేసిరి. ఆ మైదానమే తరువాత కాంగో స్క్వేర్ అని ప్రసిద్ధి చెందెను. అక్కడ మ్రోగిన డోళ్ళ చప్పుడు ఇప్పటికిని అమెరికా సంగీతములో వినబడుచున్నదని విజ్ఞులు చెప్పుదురు.

ఈ వాతావరణమున మేరీ లావో 1801 సెప్టెంబరు 10వ తేదీన జన్మించెను. ఆరుదినములకు ఆమెకు జ్ఞానస్నానము జరిగినట్లు చర్చి పుస్తకమున వ్రాసియున్నది. ఇటీవలి పరిశోధకులు శ్రమించి ఆ పుటను వెలికి తీయువరకు, ఆమె 1794లో పుట్టెనని పెక్కు గ్రంథములు ఒకదానిని చూచి ఒకటి వ్రాసికొన్నవి. తల్లిదండ్రు లిరువురును స్వతంత్రులైన వర్ణజనులు. తల్లి తల్లియైన క్యాథరిన్ మాత్రము బానిసగా బ్రతికి, 1795లో స్వయముగా సొమ్ము చెల్లించి తన స్వాతంత్ర్యమును కొనుక్కొన్నది. ఆమెను అమ్ముకొన్న యజమానురాలును స్వతంత్రురాలైన వర్ణస్త్రీయే యనుట ఆ సంఘముయొక్క చిక్కుముడిని తెలుపును. 1819 ఆగస్టు 4వ తేదీన మేరీకి, సాన్ డొమాంగ్‌నుండి వచ్చిన జాక్ పారిస్ అను వడ్రంగితో సెయింట్ లూయిస్ కెథీడ్రల్‌లో వివాహము జరిగెను. కొన్ని యేండ్లకే అతడు దస్తావేజులనుండి అదృశ్యమగును. ‘పారిస్ గారి విధవ’ అను పేరు మాత్రము ఆమెకు కడవరకు నిలిచినది. తరువాత ఆమె క్రిస్టఫ్ గ్లాపియాన్ అను తెల్లవానితో కాపురము చేసెను. వర్ణాంతర వివాహమును చట్టము నిషేధించుటచే వారు భార్యాభర్తలని వ్రాయించుకొనలేకపోయిరి. అయినను 1855లో అతడు మరణించునంతవరకు కలిసియే యుండిరి. ఆమెకు పదునైదుగురు బిడ్డలని కథలు చెప్పును. దస్తావేజులు చెప్పునది ఏడుగురిని. పెరిగి పెద్దవారైనది ఇరువురు కుమార్తెలు మాత్రమే. ఐదుగురు బిడ్డలను మన్నుచేసిన తల్లి దుఃఖమును వదలి, లేని ఎనమండుగురిని కథకులు ఏల చేర్చిరో విచారింపదగినది.

కథలు అంతటితో ఆగలేదు. ఆమె ధనికస్త్రీల తలలు దువ్వు పని చేసెనట. దువ్వుచు ఇంటి గుట్టులన్నియు రాబట్టెనట. ఆ గుట్టులే ఆమె మంత్రశక్తియట. విన సొంపైన కథ. మానవస్వభావము తెలిసిన కథ కూడ. కాని ఆమె ఆ వృత్తి చేసినట్లు ఒక్క దస్తావేజైనను దొరకలేదు. సెయింట్ ఆన్ వీధిలోని ఆమె యింటిని గూర్చి వేరొక గాథ: ఒక ధనికుని కుమారుడు న్యాయస్థానమున శిక్షపడకుండ ఆమె మంత్రము వేసెనట, ఆ తండ్రి కృతజ్ఞతతో ఇల్లు బహూకరించెనట. నిజమునకు ఆ ఇల్లు అమ్మమ్మ క్యాథరిన్‌ది. ఆమె పోయిన తరువాత ఆస్తి విక్రయములో 1832లో గ్లాపియాన్ దానిని కొన్నాడు. బానిసత్వమునుండి తనను తాను కొనుక్కొన్న వృద్ధురాలు కట్టించిన ఇల్లు మనుమరాలికి దక్కుట, మంత్రము వలన దొరికిన ఇంటికంటె ఎంత గొప్ప కథ! దానిని చెప్పుటకు కథకులకు బుద్ధి పుట్టలేదు. నల్లనిస్త్రీకి ఇల్లుండుటకు మంత్రమే కారణము కావలెనను నమ్మిక అంత బలమైనది.

1881 జూన్ 15వ తేదీన ఆమె మరణించినప్పుడు పత్రికలు రెండుగా చీలినవి. ఒక పత్రిక, ఆమెకు తొంబదియెనిమిది యేండ్లని వ్రాసి, విషజ్వర పీడితులకు సేవచేసిన పుణ్యవతియని కొనియాడెను. వేరొక పత్రిక ఆ పొగడ్తలను పరిహసించి, అసభ్యమైన వూడూ ఉత్సవములకు ఆమెయే మూలమని దూషించెను. దూరముననున్న న్యూయార్క్ టైమ్స్ కూడ ఆ నెలలోనే ఆమె మృతిని ప్రకటించెను. ఆమె నిజముగా డెబ్బదితొమ్మిదవ యేట కన్నుమూసినది. శవము ఇల్లు కదలకమునుపే కల్పన ఆమెకు పంతొమ్మిదేండ్లు ఎక్కువ ఇచ్చినదన్నమాట.

అప్పటికే నవలాకారుల దృష్టి ఆ వైపు మరలియుండెను. న్యూ ఆర్లియన్స్ రచయిత జార్జ్ వాషింగ్టన్ కేబుల్ 1880లో ప్రకటించిన ‘గ్రాండిసీమ్స్’ నవలలో పామైర్ అను వూడూ స్త్రీ పాత్ర కలదు. కేబుల్ సామాన్యుడు కాడు. నల్లవారి హక్కులకై వాదించి స్వప్రాంతీయుల ద్వేషమును మూటకట్టుకొన్నవాడు. 1886 ఏప్రిల్‌లో ఒక ప్రసిద్ధ మాసపత్రికలో బానిసల పాటలను గూర్చి వ్రాయుచు, మేరీ లావోను కడు వృద్ధాప్యమున చూచితినని ఆమె రూపమును వర్ణించెను. ఆ నెలలోనే న్యూ ఆర్లియన్స్ దినపత్రిక యొకటి, ‘దుష్టకల్పన’ అని అర్థమిచ్చు శీర్షిక క్రింద, మేరీ కుమార్తె ఫిలొమీన్ చేసిన ఖండనను ప్రచురించెను. తన తల్లి భక్తురాలైన క్యాథలిక్ స్త్రీ యనియు, ఈ వ్రాతలు అపవాదము లనియు ఆమె వాదము. ఈ ఘట్టమును చారిత్రక నవలలు వ్రాయువా రందరును ఒకసారి ధ్యానింపదగును. సదుద్దేశము గల రచయిత ఒకవైపు; తల్లి పరువు దక్కించుకొనుటకు తల్లి కొలువును సైతము కాదనవలసి వచ్చిన కూతురు వేరొకవైపు. కుమార్తె చెప్పినది పూర్తిగా నిజము కాకపోవచ్చును. వూడూ పేరు ఎత్తినచో మర్యాద దక్కని సంఘమున ఆమె వేరేమి చెప్పగలదు?

తరువాతి తరములలో ఆ పేరు మరింత చెడినది. 1915 మొదలు 1934 వరకు అమెరికా సేనలు హైతీని ఆక్రమించియుండెను. ఆ కాలముననే, 1929లో, సీబ్రూక్ వ్రాసిన ‘మాజిక్ ఐలండ్’ అను గ్రంథము నడచు శవముల కథలను పాశ్చాత్య పాఠకులకు రుచి చూపెను. 1932లో ‘వైట్ జాంబీ’ చలనచిత్రము వచ్చెను. ఒక దేశమును ఆక్రమించినవారికి, ఆ దేశపు మతము పైశాచికమని లోకము నమ్ముట ఎంత అనుకూలమో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ యేండ్లలోనే జోరా నీల్ హర్స్టన్ అను నల్లజాతి రచయిత్రి న్యూ ఆర్లియన్స్ పోయి, మంత్రవైద్యుల కడ శిష్యురికము చేసి, 1935లో ‘మ్యూల్స్ అండ్ మెన్’ ప్రకటించెను. అందులో మేరీ లావో వంశమువాడనని చెప్పుకొను గురువు ఒకడు కనబడును. విచిత్రమేమనగా, 1931 నాటి వ్యాసమున ఆ గురువునకు ఒక పేరు, 1935 పుస్తకమున వేరొక పేరు! లోపలినుండి గౌరవముతో వ్రాసిన ఆమెయు కల్పనను పూర్తిగా విడువలేదు.

రాబర్ట్ టాలంట్ పేరును మరువరాదు. లూయిసియానా రచయితల సంస్థ వృద్ధుల నోట సేకరించిన జ్ఞాపకముల ఆధారమున 1946లో ‘వూడూ ఇన్ న్యూ ఆర్లియన్స్’ వ్రాసెను. 1956లో ‘వూడూ క్వీన్’ అను నవల వ్రాసెను. ఆ వృద్ధులలో పెక్కురు ఆమెను బాల్యమున చూచినవారో, వినినవారో. వారి మాటలకు టాలంట్ మెరుగులు దిద్దెనని తరువాతి పరిశోధకుల అభియోగము. అది ఒప్పే. నవలలో మెరుగులు దిద్దుకొనవచ్చును; చరిత్రయని చెప్పుకొను పుస్తకములో దిద్దుట వేరు సంగతి. ఆ తరువాత యాభై యేండ్లు ఎవరు ఆమెను గూర్చి వ్రాసినను టాలంట్ గ్రంథమునే మూలముగా గైకొనిరి. ఫ్రాన్సిన్ ప్రోజ్ 1977లో ఆమె పేరనే ఒక నవల వ్రాసెను. జ్యూయెల్ పార్కర్ రోడ్స్ అను నల్లజాతి రచయిత్రి 1993లో ‘వూడూ డ్రీమ్స్’ వ్రాసి, అమ్మమ్మ, తల్లి, కూతురుల పరంపరగా ఆ కథను మలచెను. మంత్రగత్తెయను ముద్రను తుడిచి, పురుషుని దౌర్జన్యమును ఎదిరించి నిలిచిన స్త్రీగా ఆమెను చూపెను. 2013లో అమెరికాలో ప్రసారమైన టెలివిజన్ ధారావాహిక యొకటి ఆమెను చావులేని మాంత్రికురాలిగా చేసెను. దానిని గూర్చి ఇంతకంటె చెప్పుట అనవసరము.

2004 మొదలు 2006 వరకు మార్తా వార్డ్, ఇనా ఫాండ్రిచ్, కెరొలిన్ లాంగ్ అను ముగ్గురు పరిశోధకురాండ్ర గ్రంథములు వరుసగా వెలువడినవి. చర్చి పుస్తకములు, నోటరీ పత్రములు, జనాభా లెక్కలు, న్యాయస్థాన దాఖలాలు వెదకి వారు వెలికితీసిన సంగతులలో ఒకటి నవలాకారుల కందరికి కంటకమైనది. మేరీ లావోయు, గ్లాపియాన్‌యు 1828 మొదలు 1854 వరకు బానిసలను కొనిరి, అమ్మిరి. ఎనిమిది మంది బానిసల క్రయవిక్రయములు దస్తావేజులలో కనబడుచున్నవి.

ఇక్కడ రచయిత కలము తడబడుట సహజము. బానిసల దేవతలను కొలిచిన పూజారిణి, అమ్మమ్మ బానిసయై పుట్టిన స్త్రీ, తానును బానిసలను కొనునా? అమ్మమ్మ స్వేచ్ఛను కొనుక్కొన్న 1795కును, మనుమరాలి యింట బానిసల లావాదేవీ మొదలైన 1828కిని నడుమ ముప్పదిమూడేండ్లే ఎడము. వారిని విడిపించుటకే కొనియుందురని ఊహించినవారు కలరు. కొందరి విషయమున అది నిజమై యుండవచ్చును. కాని కొని మరల అమ్మిన పత్రములకు ఆ ఊహ చాలదు. నాటి న్యూ ఆర్లియన్స్‌లో స్వతంత్రులైన వర్ణజనులు బానిసలను కలిగియుండుట అరుదు కాదు. ఆ మాట నేరమునకు సందర్భమును చెప్పునే కాని, దానిని కడిగివేయదు. ఈ అంశమును విడిచిపెట్టి ఆమెను స్వాతంత్ర్యదేవతగా నిలుపు నవల, పాత అపవాదములను సరిదిద్దు తొందరలో వేరొక అన్యాయము చేయుచున్నది. అమ్ముడుపోయిన ఆ ఎనిమిది మందికిని తల్లులుండిరి, కన్నీరుండెను. వారికి వూడూ రాణి యిల్లు ఎట్టిదిగా తోచియుండును? వంటింటి గడపలో నిలిచి ఆ యజమానురాలిని చూచిన బానిసకన్నులతో ఆ కథను చెప్పగల రచయిత, ఇంతవరకు పేరొందిన నవలలను మించినది వ్రాయగలడు.

నవలాకారునికి స్వేచ్ఛ లేదనుట కాదు. దస్తావేజులు మౌనము వహించినచోట కల్పనకు హక్కు కలదు; మేరీ జీవితమున ఆ మౌనము విస్తారము. ఆమె వ్రాసిన ఉత్తరము ఒక్కటియు లేదు. ఆమె గొంతు ఎట్టిదో, దేవతను ఆవాహన చేయునపుడు ఆమెకేమి తోచెనో, పారిస్ ఏమయ్యెనో ఏ పత్రమును చెప్పదు. 1850 జూలైలో జరిగిన చిన్న సంఘటనను చూడుడు. ఆ వేసవిలో రక్షకభటులు వూడూ సమావేశములపై బడి స్త్రీలను పట్టుకొనుచుండిరి. అప్పుడు మేరీ న్యాయాధికారి యెదుటికి పోయి, ఒక కావలివాడు కన్యామూర్తి విగ్రహ మొకదానిని మోసముతో చేజిక్కించుకొనెనని అభియోగము చేసెను. విగ్రహము వెల యేబది డాలర్లని పత్రిక వ్రాసినది. ఆమెను వూడూ స్త్రీలకు పెద్ద అని పేర్కొన్నది. వార్త నాలుగు పంక్తులు మించదు. తన మతము వేటాడబడుచున్న దినములలో, తెల్లవాని న్యాయస్థానమున తెల్లవాని చట్టమునే ఆయుధముగా పట్టిన స్త్రీ ధైర్యము ఆ నాలుగు పంక్తులలో కలదు. పామును మెడకు చుట్టుకొని ఆడెనను గాథకంటె నవలకు ఇది మేలైన బీజము.

1853 మాట కూడ అట్టిదే. ఆ వేసవిలో పచ్చజ్వరము న్యూ ఆర్లియన్స్‌లో దాదాపు ఎనిమిదివేల మందిని బలిగొన్నది. ఆ జ్వరము దోమకాటువలన వ్యాపించునని 1900లో గాని రుజువు కాలేదు. వైద్యులు నెత్తురు తీయుదురు, పాదరసము మ్రింగింతురు. వీధులలో తారు కాల్తురు, ఫిరంగులు పేల్తురు. అట్టి తరుణమున మూలికల కషాయముతో, చల్లని గుడ్డతో రోగి ప్రక్కన కూర్చున్న స్త్రీ వైద్యునికంటె ఎక్కువ మేలు చేసియుండుట అసంభవము కాదు. ఆమె సేవలను మరణవార్తలు ప్రశంసించినవి. మరణశిక్ష పడిన ఖైదీల కడకు పోయి, చెరసాల గదిలో పూజాపీఠము నమర్చి, వారితో ప్రార్థన చేయించెనని కూడ పత్రికలు వ్రాసినవి. ఇందులో మంత్రగత్తెయు, పుణ్యవతియు వేరువేరు మనుష్యులు కారు.

పాఠశాలలలో చరిత్ర చెప్పు ఉపాధ్యాయులకు ఈ నవలలు నిషిద్ధములు కావు. విద్యార్థి చరిత్రపై మక్కువ పెంచుకొనుట పాఠ్యపుస్తకముకంటె నవల వలననే యని వారికి తెలియును. అయితే అమెరికా బానిసత్వమును గూర్చి చెప్పు తరగతిలో ఇట్టి నవల యొకటి చదివించునపుడు దాని ప్రక్కన కొన్ని దస్తావేజుల సారాంశమును ఉంచుట మంచిది: 1801 నాటి జ్ఞానస్నానపు నమోదు, 1832 నాటి ఇంటి విక్రయము, 1850 నాటి నాలుగు పంక్తుల వార్త, బానిసల అమ్మకపు పత్రములు. రచయిత ఎక్కడ పూరించెను, ఎక్కడ దాచెను, ఎక్కడ మార్చెను అని పిల్లలే వెదకుదురు. పదునాలుగేండ్ల విద్యార్థికి ఇంతకంటె ఇష్టమైన పని యుండదు. పెద్దల తప్పులు పట్టుట గదా!

మేరీ లావో సమాధి న్యూ ఆర్లియన్స్‌లోని మొదటి సెయింట్ లూయిస్ శ్మశానమున కలదని నమ్ముదురు. దానిపై పారిస్ విధవ, పుట్టినింటి పేరు లావో, ఆమె కుటుంబము అని ఫ్రెంచిలో చెక్కియున్నది. కోరిక తీరవలెనని యాత్రికులు ఆ గోడపై మూడు ఇంటూ గుర్తులు గీయుట ఎంతోకాలము సాగినది. వ్రాయనేరని స్త్రీ నోటరీ యెదుట పెట్టిన నిశానియు ఆ గుర్తువంటిదే యని గీయువారిలో ఎందరికి తెలిసియుండునో. 2013 డిసెంబరులో ఎవరో ఆ సమాధికి గులాబిరంగు పూసిరి. రంగు తొలగించి సమాధిని బాగుచేయుటకు మరుసటి యేడు చాల ధనము వెచ్చింపవలసి వచ్చెను. 2015 మార్చి 1వ తేదీనుండి శ్మశానము లోనికి, అనుమతిపొందిన మార్గదర్శి వెంట లేకుండ సందర్శకులను పోనిచ్చుట మానివేసిరి. అక్కడ తమవారిని పాతిపెట్టుకొన్న కుటుంబముల వారికి మాత్రము ప్రత్యేకముగా అనుమతి నిచ్చుచున్నారు.